ప్రాస్పెక్టివ్ వంతెన

మా డివిజన్లో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ. ఉన్నవాటికి రెండు రిజిస్టర్లు సరిపోతాయి. లేనివాటికి పదకొండు కావాలి. రెండు కల్వర్టులు, ఒక రేవుమెట్ల వరస, వాననీరు పోవడానికి కట్టగా ఎప్పుడూ పోని ఒక తూము ఉన్నవాటి కిందికి వస్తాయి. తక్కిన వంతెనలూ రోడ్లూ గట్లూ అన్నిటి ముందూ ‘ప్రపోజ్డ్’ అన్న మాట ఉంటుంది. రేవులూ దారుల శాఖలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాణ్ణి గనక ధైర్యంగా చెబుతున్నాను, ఆ ఒక్క మాట లేకపోతే మా ఆఫీసుకి పొద్దున్నే తాళం తియ్యాల్సిన అవసరం ఉండదు.

ఆ లేనివాటిలో పెద్దది గోగులలంక వంతెన. గోదావరి పాయ నడుమ మేట మీద వెలసిన ఊరు గోగులలంక, నాలుగొందల గడప. అరటి, కూరగాయలు, పాలు అన్నీ ఏరు దాటే అమ్ముకోవాలి. ఆస్పత్రీ బడీ ఇవతలి ఒడ్డునే. పంతొమ్మిదేళ్ళ కిందట ఇవతలి రేవులో ఒక రాయి పాతి దానిమీద ‘ప్రపోజ్డ్ వంతెన స్థలము’ అని చెక్కించారు. లంక ఆడవాళ్ళు దానిమీద బట్టలుతుక్కుంటారు, అంచేత అక్షరాలు ఇప్పటికీ శుభ్రంగా కనిపిస్తాయి.

వంతెన వచ్చేదాకా ఊరికి దిక్కు సంగాడి నూకరత్నం నాటుపడవ. యాభై దాటిన మనిషి. గెడ పట్టుకుని నిలబడిందంటే పడవలో వాళ్ళు కబుర్లు ఆపి బుద్ధిగా కూర్చుంటారు. వెనక పడవ ఆమె మొగుడిది. ఒక శ్రావణమాసంలో ఏరు పోటు మీదుండగా అతన్ని పాము కరిచింది. ఆ నీళ్ళలో పడవ వెయ్యడానికి ఎవరి చేతా కాలేదు. ఆస్పత్రి ఎదురుగా కనబడుతూనే ఉంది, అతను ఒడ్డునే పోయాడు. కర్మ అయిన మర్నాడు ఆమె రెండు పనులు చేసింది. ఒకటి, వంతెన కావాలని అర్జీ రాయించి మొదటి సంతకం తనే పెట్టింది. రెండు, గెడ తన చేతిలోకి తీసుకుంది. వంతెన వస్తే ఆమె పడవకి పని ఉండదు. ఆ సంగతి నేను ఒకసారి గుర్తుచేస్తే, ఆ రోజు ఆ పడవని వంటచెరుకు చేసి ఊరందరికీ పొంగలి పెడతానంది. ఆ అర్జీ ఫైలూ, ఏటేటా ఆమె పడవ లైసెన్సు ఫైలూ, రెండూ నా సీటులోనే ఉండేవి.

ఇలా ఉండగా పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. శాఖలో భవిష్యత్ దృక్పథం లోపించినట్టు ప్రభుత్వం దృష్టికి వచ్చినదట. ‘ప్రపోజ్డ్’ అన్న విశేషణం నిరాశావహమూ, యాచనాపూర్వకమూ, కాలం చెల్లినదీ అయి ఉన్నందున దాన్ని తక్షణం రద్దుచేసి, అన్ని ఫైళ్ళలోనూ బోర్డులమీదా ‘ప్రాస్పెక్టివ్’ అన్న విశేషణం వాడవలసినదిగా ఆదేశించడమైనదట. సదరు విశేషణం అర్థమూ వాడుకా బోధించడానికి ఒకరోజు శిక్షణ కూడా ఏర్పాటు చెయ్యడమైనది.

శిక్షణ ఇవ్వడానికి రాజధాని నుంచి సుదర్శనం అనే భాషా సలహాదారు వచ్చారు. వైశాఖమాసంలో కోటు వేసుకుని వచ్చారంటేనే ఆయన భవిష్యత్తుకి చెందిన మనిషని తెలిసిపోయింది. ప్రపోజ్డ్ అంటే ఎవరో అనుకున్నది, అనుకున్నవాడు మరచిపోవచ్చు అన్నారు. ప్రాస్పెక్టివ్ అంటే రానున్నది, దారిలో ఉన్నది, చెప్పులు విడిచి లోపలికి రావడమే తరువాయి అన్నారు. మేం అర్థమైనట్టు తలలూపాం. మా తలలు ఏం చెప్పినా ఊగుతాయని ఆయనకి అనుభవమేమో, ఒక ఉదాహరణ ఇచ్చారు.

“మీ ఇంటికి కాబోయే అల్లుడు వస్తాడు. పెళ్ళి ఇంకా కాలేదు. అలాగని అరుగు మీద కూర్చోబెట్టి పంపేస్తారా? కుర్చీ వేస్తారు, ఫ్యాను తిప్పుతారు, జీడిపప్పు ఉప్మా పెడతారు. అల్లుడికి చేసే మర్యాదలన్నీ చేస్తారు. వంతెనకి మాత్రం ఎందుకు చెయ్యరు?”

మా డివిజనల్ అధికారి జ్ఞానప్రసాద్‌గారు ఆ మాటకి చలించిపోయారు. ఆయన కొత్తగా వచ్చినవారు, ఉత్సాహి, నిజానికి చెడ్డవారు కాదు. అప్పటికప్పుడు లేచి, ఈ డివిజన్లో ఇకమీదట ఏ ప్రాస్పెక్టివ్ ఆస్తికీ అగౌరవం జరగదని మాట ఇచ్చారు. మా అటెండరు కొండయ్య కూడా వెనక నిలబడి అంతా విన్నాడు. వాడి ప్రమోషన్ ఫైలు నాలుగేళ్ళుగా నడుస్తోంది. మర్నాడు టీ తెమ్మంటే, తాను ప్రాస్పెక్టివ్ జూనియర్ అసిస్టెంటుననీ, జూనియర్ అసిస్టెంటు టీలు తేవడం పద్ధతి కాదనీ సవినయంగా చెప్పాడు. రూలు ప్రకారం వాడిని ఏమీ అనలేకపోయాం. టీ నేనే తెచ్చాను.

గోగులలంక వంతెనకి మర్యాదలు మొదలయ్యాయి. ముందు రాయి మీద పాత మాట చెక్కేసి కొత్త మాట చెక్కించాం. తరవాత వంతెనని ఉన్న ఆస్తుల రిజిస్టరులోకి ఎక్కించి నంబరిచ్చాం. నంబరున్న ప్రతి వంతెనకీ ఏడాదికి రెండు తనిఖీలు జరగాలి గనక తనిఖీ జరిగింది. ఆ నివేదిక చిత్తుప్రతి రాసింది నేనే. ‘స్తంభాలలో పగుళ్ళు కనబడలేదు. ఇనుము తుప్పు పట్టలేదు. రెయిలింగు ఎక్కడా వంగలేదు. వంతెన మీద ప్రమాదాలు నమోదు కాలేదు’ అని రాశాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధం కూడా లేకుండా నేను రాసిన తనిఖీ నివేదిక అదొక్కటే.

ఆ నివేదిక పైకి వెళ్ళి అద్భుతాలు చేసింది. అంత దృఢమైన వంతెన రాష్ట్రంలో మరొకటి లేదని తేలింది. ఉత్తమ నిర్వహణకి మా డివిజన్‌కి జ్ఞాపిక వచ్చింది. జ్ఞాపిక వచ్చాక జ్ఞానప్రసాద్‌గారికి వంతెన మీద ప్రేమ ఇంకా పెరిగింది. ‘భారీ వాహనములు నెమ్మదిగా పోవలెను’ అన్న బోర్డు పెట్టించారు. బోర్డు చూసి ఒక ఇసుక లారీ డ్రైవరు నిజంగానే నెమ్మదిగా పోయి, నీళ్ళ అంచున ఆగి, దిగి చాలాసేపు అటూ ఇటూ చూశాడని రేవులో చెప్పుకున్నారు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. లంక వాళ్ళు కూడా నవ్వుకుని ఊరుకున్నారు. జూన్‌లో నూకరత్నం పడవ లైసెన్సు రెన్యూవల్‌కి వచ్చింది. అక్కడ తిరకాసు పడింది. మా శాఖలో ఒక పాత నిబంధన ఉంది. వంతెన ఉన్నచోట, దానికి ఎగువనా దిగువనా మైలు దూరంలో మనుషుల్ని దాటించే పడవలకి లైసెన్సు ఇవ్వకూడదు. రిజిస్టరు ప్రకారం నూకరత్నం రేవుకీ వంతెనకీ దూరం ఎనిమిది అడుగులు.

నేను చెయ్యగలిగింది చేశాను. గుమాస్తా చెయ్యగలిగింది ఒక్కటే, ఫైలు అడుగున పెట్టడం. మూడు వారాలు అడుగునే ఉంచాను. కొండయ్య, ప్రాస్పెక్టివ్ జూనియర్ అసిస్టెంటు హోదాలో ఫైళ్ళు సర్దుతూ దాన్ని పైకి తీసి అధికారి బల్ల మీద పెట్టాడు. జ్ఞానప్రసాద్‌గారు చదివి, నిబంధన నిబంధనేనని నిట్టూర్చి, పడవ నిలిపివేయమని తాఖీదు తయారుచేయించారు. స్వయంగా అందజేసి, అదే ప్రయాణంలో వంతెన అవతలి కొస కూడా తనిఖీ చేద్దామన్నారు. నన్ను వెంట రమ్మన్నారు.

అవతలి కొసకి వెళ్ళాలంటే ఏరు దాటాలి. ఏరు దాటాలంటే పడవ ఎక్కాలి. మేం నూకరత్నం పడవే ఎక్కాం. సగం దూరం వెళ్ళాక జ్ఞానప్రసాద్‌గారు గొంతు సవరించుకుని, కూర్చున్నచోటి నుంచే తాఖీదు అందించారు. ఆమె గెడ ఒక చంకలో ఇరికించుకుని కాగితం అందుకుంది. చదవడం కష్టమని నాకిచ్చి చదవమంది. నేను నీళ్ళకేసి చూస్తూ చదివాను. వంతెన అందుబాటులో ఉన్నందున సదరు పడవ అనవసరమూ, అక్రమమూ అయినదని అందులో ఉంది.

ఆమె రెండు పోట్లు గెడ వేసింది. తరవాత, వంతెన ఎక్కడుందో చూపించమని అడిగింది. జ్ఞానప్రసాద్‌గారు విసుక్కోకుండా ఓపిగ్గా ప్రాస్పెక్టివ్ అంటే ఏమిటో చెప్పారు. కుర్చీ, ఫ్యాను, జీడిపప్పు ఉప్మాతో సహా కాబోయే అల్లుడి ఉదాహరణ కూడా చెప్పారు. ఆమె శ్రద్ధగా విన్నది.

“ఆయ్, ఉప్మా పెడతామండి బాబుగారూ,” అంది. “కాఫీ కూడా ఇత్తాం. అంతేగానండి, తాళి కట్టకుండా పిల్లని కూడా పంపించేత్తామేటండి?”

పడవలో ఉన్న పాలకేన్ల మనుషులు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. అధికారిగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆ ప్రశ్నకి జవాబు సుదర్శనంగారు శిక్షణలో చెప్పలేదు. అందుకని మాట మార్చి, టూర్ డైరీలో ఈ ప్రయాణం ఎలా రాస్తున్నావని నన్నడిగారు. పడవలో అని రాయబోతున్నానన్నాను. ఆయన కంగారుపడ్డారు. వంతెన ఉండగా అక్రమ పడవలో వెళ్ళామని రాస్తే ఆడిట్‌వాళ్ళు ఊరుకుంటారా అన్నారు. ‘వంతెన మీదుగా దాటితిమి’ అని రాయమన్నారు. తడిసిన ప్యాంటు అంచులు పిండుకుంటూ అలాగే రాశాను.

తాఖీదు ప్రకారం నూకరత్నం మర్నాటి నుంచి పడవ ఆపేసింది. ఆమె మొండిమనిషే గాని చట్టం తప్పే మనిషి కాదు. నాలుగు రోజుల్లో లంక వాళ్ళ పాలు విరిగిపోయాయి, బెండకాయలు ముదిరిపోయాయి. నెలలు నిండిన ఒక అమ్మాయిని ముందు జాగ్రత్తగా తీసుకొద్దామని లంక అవతలవైపు ఇంకా ఎండి ఉన్న సన్నపాయ దాటించి, ఎగువ ఆనకట్ట మీదుగా ముప్ఫై మైళ్ళు చుట్టు తిప్పారు. ఆమె ఆటోలోనే ప్రసవించింది. తల్లీబిడ్డా క్షేమమే. ఐదో రోజు నూకరత్నం, ఊళ్ళో పదిమందీ అదే చుట్టుదారిన ఆఫీసుకి వచ్చారు.

జ్ఞానప్రసాద్‌గారు వాళ్ళని గౌరవంగానే కూర్చోబెట్టారు. ఇంత దూరం చుట్టు తిరిగి ఎందుకొచ్చారు, వంతెన వాడకపోతే వినియోగం లెక్క పడిపోతుంది కదా అని బాధపడ్డారు. ఆయన హాస్యానికి అనలేదు. పూర్తిగా నమ్మిన మనిషి అలాగే మాట్లాడతాడు.

నూకరత్నం అధికారిని వదిలేసి నా బల్ల దగ్గరికి వచ్చింది.

“కామేశంగారూ, మీరు రాయడం వచ్చినోరు. వంతెన వచ్చిన్నాడు నా పడవని నేనే పొయ్యిలో పెడతానండి. అందాకా నడవనిత్తే చాలు. ఏదోటి రాయండి బాబూ,” అంది.

నాకు ఆ మాట తగిలింది. జాలి వేసింది, సిగ్గు వేసింది, వీటన్నిటితోపాటు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, కాస్త గర్వం కూడా వేసింది. ఇరవై ఆరేళ్ళలో నా రాతని నమ్మి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం ఆఫీసు మూసేవేళ దాకా కూర్చుని నోట్‌ఫైల్లో ఒకే ఒక్క పేరా రాశాను.

‘సమర్పించడమైనది. అధికారులవారి టూర్ డైరీ ప్రకారము సదరు పడవలో చేసిన ప్రయాణము వంతెన మీదుగా చేసిన ప్రయాణముగా నమోదైయున్నది. కావున సదరు పడవ వంతెనకు వేరైన వస్తువు కాదనియు, ప్రాస్పెక్టివ్ వంతెనలోని కదిలే భాగమనియు భావించవచ్చును. వంతెన భాగమునకు పడవ లైసెన్సు అక్కరలేదు. ఉత్తర్వులకై.’

జ్ఞానప్రసాద్‌గారు రెండుసార్లు చదివారు. లేచి వచ్చి నాకు కరచాలనం చేశారు. ఆయనకి కూడా ఆ అమ్మాయి ఆటోలో ప్రసవించినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదట. నిబంధన చెడకుండా జనం దాటే ఉపాయం చెప్పావని మెచ్చుకున్నారు. ‘అంగీకరించడమైనది’ అని పచ్చ సిరాతో సంతకం చేశారు.

ఆ వారమే ప్రారంభోత్సవం. పడవకి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, ముక్కున రిబ్బను కట్టారు. పెద్దలు వచ్చి కత్తిరించారు. నూకరత్నానికి మెడలో వేసుకునే గుర్తింపుకార్డు ఇచ్చారు. ‘వంతెన నిర్వాహకురాలు, కదిలే భాగము’ అని ఉంది దానిమీద. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది. లంక వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కూడా ఒక దండ పడింది. అరటిపళ్ళ గెల ఒకటి మా ఇంటికి పంపించారు. వారం రోజులు మా ఇంట్లో ఎవరూ వేరే పండు తినలేదు.

నెల తిరక్కుండా పైనుంచి ఉత్తరం వచ్చింది. గోగులలంక వంతెన మీదుగా రోజూ మూడొందలమంది దాటుతున్నట్టు నివేదికలు అందినవట. వినియోగంలో ఉన్న నిర్మాణాన్ని ప్రాస్పెక్టివ్ అనడం సదరు విశేషణాన్ని దుర్వినియోగం చెయ్యడమేనట. భాషా సలహాదారు అభిప్రాయం కూడా జత చేశారు. పెళ్ళయిపోయిన అల్లుణ్ణి కాబోయే అల్లుడు అనరాదని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ఆ విశేషణాన్ని తొలగించి, వంతెనని పూర్తయినదిగా నమోదు చేసి, పంతొమ్మిదేళ్ళ నాటి అర్జీని కోరిక తీరినట్టుగా ముగించడమైనదట.

చదివి అర్జీ ఫైలు విప్పితే మొదటి పేజీలో ఆమె సంతకం ఉంది. అప్పుడే సంతకం నేర్చుకున్నట్టుంది, ‘నూ’ ఒక గీత మీద, ‘త్నం’ ఇంకో గీత మీద పడ్డాయి. దాని కింద ‘ముగించడమైనది’ అని ముద్ర వేయాల్సింది నేనే. ముద్ర వేశాను. వెయ్యకపోతే కొండయ్య వేసేవాడు. అతనికి ఆ నెలలోనే ప్రమోషన్ వచ్చింది.

ఆ సంగతి నేనే చెప్పాలని రేవుకి వెళ్ళాను. నూకరత్నం పడవలో నీళ్ళు తోడుతోంది. చెప్పాను. మొదట ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ కొత్త అర్జీ పెట్టుకోవచ్చా అని అడిగింది. ఉన్న వంతెనకి అర్జీ పెట్టడం కుదరదన్నాను. పక్కన ఇంకోటి కట్టమని అడగొచ్చా అంది. వంతెనకి మైలు దూరంలో రెండో వంతెనకి అనుమతి లేదన్నాను. నా నోటి నుంచి నిబంధనలు ఎంత గడగడా వస్తున్నాయో విని నాకే అసహ్యం వేసింది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తోడుతున్న డబ్బా పక్కన పెట్టి, మెడలో కార్డు తీసి, కొంగుతో తుడిచింది.

“వరదొచ్చిందంటే మీ వంతెనని ఆ తాటిచెట్టుకి కట్టేసి ఇంటికెళ్ళిపోతానండి,” అంది. “అది కూడా రాయండి బాబుగారూ. మీ పైవోళ్ళకి తెలీదేమో.”

రాశాను. ఈసారి ఉపాయాలు లేకుండా, ఆమె చెప్పింది చెప్పినట్టుగా రాశాను. వరద రోజుల్లో ఈ వంతెనను తాటిచెట్టుకి కట్టివేయుదురు, ఆ రోజుల్లో ఎవరూ దాటలేరు, నిజమైన వంతెన అవసరము అని రాశాను. జ్ఞానప్రసాద్‌గారు మారుమాట లేకుండా సంతకం చేసి పంపించారు.

శ్రావణంలో జవాబు వచ్చింది. దళసరి కాగితం, బంగారు అంచు, ప్రశంసాపత్రం. ‘వరద సమయమున వంతెనను చెట్టుకు కట్టి, ప్రభుత్వ ఆస్తిని కొట్టుకుపోకుండా కాపాడుచున్న నిర్వాహకురాలి ముందుచూపును శాఖ హర్షించుచున్నది’ అని ఉంది. వెంటనే అందజేయమన్నారు.

సంచిలో పెట్టుకుని రేవుకి వెళ్ళాను. ఏరు ఎర్రగా ఉంది. రాయి సగం మునిగింది. అవతలి ఒడ్డున పడవ తాటిచెట్టుకి కట్టి ఉంది, దాని పక్కన గుంపు. ఎవరినో మోసుకొచ్చిన మంచం ఒకటి దించి నేల మీద పెట్టారు. నూకరత్నం కాబోలు, నీళ్ళ అంచున నిలబడి తువ్వాలు ఊపుతూ నన్నే కేకేస్తోంది. నీళ్ళ హోరులో ఒక్క ముక్క వినపడలేదు. నేను కూడా చెయ్యెత్తి ఊపాను. ఇవతలి ఒడ్డున అంతకంటే చెయ్యడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.